విల్మా రుడాల్ఫు చరిత్రము

పరుగుపందెములయందు జయము నొందినవారు పెక్కుమంది కలరు. నడువజాలని దశనుండి లేచి జగద్విఖ్యాతిని గాంచినవారు మాత్రము మిక్కిలి యరుదు. అట్టి యొక వనిత చరిత్రమును సోదరసోదరీమణులకు సంగ్రహముగ నివేదించుచున్నారము.

విల్మా రుడాల్ఫు 1940వ సంవత్సరము జూను 23వ తేదీన అమెరికాదేశమందలి టెనెస్సీ రాష్ట్రమున నొక నల్లజాతి కుటుంబమునందు జన్మించెను. తండ్రికి రెండు వివాహములవలన గలిగిన 22 మంది సంతానములో నీమె 20వది. బాల్యముననే పోలియో సోకి యెడమకాలు బలహీనమయ్యెను. స్వగ్రామమగు క్లార్క్స్‌విల్‌లో నల్లవారికి దగిన వైద్యము లభింపకుండుటచే, తల్లి బ్లాంచి యామెను బస్సులో సుమారు 50 మైళ్ల దూరమందలి నాష్విల్ నగరమునకు, నల్లవారికై వెలసిన మెహరీ వైద్యకళాశాలకు, వారమువారము గొనిపోవుచుండెను. ఇంటియొద్ద తోబుట్టువులు వంతులచొప్పున కాలు మర్దించుచుండిరి. ఇనుపకట్టుతో నడచిన యా బాలిక పండ్రెండేండ్ల ప్రాయము వచ్చునప్పటికి దానిని విడిచి నడచెను.

పిదప టెనెస్సీ స్టేట్ విద్యాలయ శిక్షకుడగు ఎడ్ టెంపుల్ ఆమె ప్రతిభను గుర్తించి తీర్చిదిద్దెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలయందు, పదునాఱేండ్ల ప్రాయమున, రిలే పందెములో కాంస్యపతకము లభించెను. 1960లో రోమునగరమున 100 మీటర్లు, 200 మీటర్లు, రిలే యను మూడింటను స్వర్ణపతకములను గైకొనెను. ఒకే ఒలింపిక్కునందు పరుగులలో మూడు స్వర్ణములు గెలిచిన తొలి అమెరికా వనిత యీమెయే. 100 మీటర్లను 11.0 సెకండ్లలో ముగించినను, గాలివేగము నియమమును మించుటచే నది ప్రపంచరికార్డుగా లెక్కింపబడదయ్యెను.

స్వగ్రామమువారు సన్మానము తలపెట్టిరి. ఆ కాలమున నచట తెల్లవారికిని నల్లవారికిని సభలు వేఱు, భోజనములు వేఱు. అట్టి భేదము పాటించెడి సన్మానము తనకు వలదని యామె స్పష్టముగ జెప్పెను. తుదకు ఊరేగింపును విందును ఇరుజాతులవారు గూడియే జరిపిరి. ఆ గ్రామచరిత్రమున నట్టిది మొదటిసారి. గౌరవము దొరకినదే చాలునని యూరకుండక, అది యెట్టి షరతుపై వచ్చుచున్నదో విచారించుట సామాన్యమగు ధైర్యము కాదు. అప్పటి కామెకు ఇరువదియేండ్లే.

1962లో పందెములనుండి విరమించి, 1963లో విద్యాశాస్త్రమున పట్టము పొంది, బడిలో పిల్లలకు బోధించెను. 1994 నవంబరు 12వ తేదీన దివంగతురాలయ్యెను.

చిరకాలము బడిపంతుళ్లమై యుండినవారమగుటచే మహాశయుల కొక విన్నపము సేయుచున్నారము. ఆ పతకములకు మూలము తల్లి బస్సుప్రయాణములు, తోబుట్టువుల చేతులు, ఒక వైద్యశాల, ఒక గురువు. మన యిండ్లలో కాలు కుంటువడిన బాలికను గాంచి విధివ్రాతయని యూరకుండక, వైద్యమును విద్యయు సమకూర్చుడు. పోషకుల ధనమున కంతకంటె సద్వినియోగము మాకు దోపదు.