అంగీకరించినది ఎవరు?

పాశ్చాత్య ఉదారవాదానికి మూలకందం ఒక్కటే: మానవుడు స్వభావతః స్వతంత్రుడు, కనుక అతని అంగీకారం లేనిదే ఏ ప్రభుత్వానికీ అతనిపై అధికారం లేదు. 1689లో వెలువడిన గ్రంథంలో జాన్ లాక్ దీనిని ప్రతిపాదించాడు. రాజాధికారం దైవదత్తమనే వాదాన్ని ఖండించడానికి అది పదునైన ఆయుధమే. అయితే ఎవరు, ఎప్పుడు అంగీకరించారు? ఈ ప్రశ్నకు లాక్ 'మౌనాంగీకారం' అనే భావనను ఆశ్రయించాడు. ఒక దేశపు రాజమార్గంలో నడిచినవాడు సైతం ఆ దేశశాసనాలకు సమ్మతించినట్లేనట!

1748లో డేవిడ్ హ్యూమ్ ఆక్షేపించినది ఇక్కడే. పరదేశభాషాచారాలు ఎరుగక, ఏనాటి కూలితో ఆనాడు బ్రతికే నిరుపేద తన దేశం విడిచి పోగలడా? పోలేక ఉండిపోయినవానిని సమ్మతించాడనడం, నిద్రలో ఓడ ఎక్కించబడినవాడు సముద్రంలో దూకలేదు గనుక నౌకాధిపతికి వశుడయ్యాడనడం వంటిది. పైగా, రాజ్యాలు అధికభాగం ఆక్రమణవలననో జయంవలననో ఏర్పడినవే గాని ఒడంబడికవలన కాదని చరిత్ర చెబుతున్నదన్నాడు. ఇంత స్వల్పవాక్యాలలో ఇంత పెద్ద సిద్ధాంతాన్ని కదిలించిన రచనలు అరుదు.

అందుచేత 1971లో జాన్ రాల్స్ జరిగిన ఒప్పందాన్ని విడిచి, ఊహించదగిన ఒప్పందాన్ని గ్రహించాడు. తన సంపద, ప్రతిభ, స్థానం, తాను శ్రేయస్సని నమ్మేది కూడా తెలియని 'అజ్ఞానపు తెర' వెనుక నిలిచి మనుష్యులు న్యాయసూత్రాలను ఎన్నుకోవాలి.

ఇన్నింటిని తొలగించిన పిమ్మట ఎన్నుకొనేది ఎవరు? 1982లో మైకేల్ సాండెల్ అడిగిన ప్రశ్న ఇది. వేదాంతం చదివినవారికి ఇది చిరపరిచితమే. ఉపాధులను నిరసించగా అద్వైతంలో మిగిలేది సాక్షి. ఎంపిక బుద్ధిధర్మం, ఆ బుద్ధియూ నిరసింపబడినదే. రాల్స్ ఊహించిన పురుషుడు మాత్రం సర్వం కోల్పోయి కూడా కర్తగానే నిలవాలి. సాండెల్ మార్గం వేరు: మాతాపితరులపట్ల, స్వదేశంపట్ల మనకున్న బాధ్యతలు మనం ఎన్నుకున్నవి కావు, అయినా అవి మన స్వరూపంలోనివే. ఋణత్రయంతోనే జన్మ అని విన్న మనకు ఈ మాట వింత కాదు.

తనది తత్త్వనిర్ణయం కాదు, రాజకీయవ్యవస్థ మాత్రమేనని రాల్స్ 1985లో సమాధానమిచ్చాడు. అది సగమే సమాధానం. కాని సాండెల్ పక్షానికీ చిక్కు ఉన్నది. ఎన్నుకోని బంధాలన్నీ ప్రమాణమైతే, జన్మమాత్రంచేత ఒకనిని గుడివాకిట నిలిపివేసిన బంధమూ ప్రమాణమే కావలసివస్తుంది. సాండెల్ దీనిని గుర్తించకపోలేదు. 1998లో వచ్చిన ద్వితీయముద్రణలో, సమాజంలో చెల్లుబాటైనంత మాత్రాన ఏ ఆచారమూ న్యాయం కాజాలదంటూ, 'సమాజవాది' అని తనకు ఇతరులు తగిలించిన పేరుపట్ల అతడు సంకోచం వ్యక్తం చేశాడు.