కడప జిల్లా పట్టణాల పురపాలనలో సాంకేతికత (ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల)

పెన్నా తీరాన ఉన్న ప్రొద్దుటూరు 1915లోనే పురపాలక సంఘమైంది. బంగారం, పత్తి వ్యాపారాల మీద పెరిగిన ఊరు. నగల దుకాణాల వల్లే దానికి ‘రెండో ముంబై’ అన్న పేరొచ్చింది. అదే నదికి ఎగువన ఉన్న జమ్మలమడుగు చిన్న పట్టణం, చుట్టూ చేనేత పల్లెలు. పులివెందులకు పురపాలక హోదా వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో (2004–2009) దక్కింది. మూడు ఊళ్ల కార్యాలయాల్లోనూ నేడు నడిచేది ఒకే రాష్ట్ర సాఫ్ట్‌వేర్. దాన్ని ఎంచుకున్నది మాత్రం ఏ కౌన్సిలూ కాదు.

పట్టణ ఆర్థికాన్ని తాకిన తొలి కంప్యూటరు మునిసిపల్ ఆఫీసుది కూడా కాదు, రిజిస్ట్రేషన్ ఆఫీసుది. 1998లో ‘కార్డ్’ పేరుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దస్తావేజుల నమోదు కంప్యూటరీకరణ మొదలైంది. 2001లో హైదరాబాదులో ఈ-సేవ, 2011 నవంబరులో మీసేవ పౌర సేవా కేంద్రాలు వచ్చాయి. ఇంటి పన్ను, కరెంటు బిల్లు కోసం నిలబడే వరుసలు వీటితో తగ్గాయి. అయితే అవి పౌరుడి సమయాన్ని మిగిల్చిన ఏర్పాట్లే తప్ప వ్యాపారాన్ని పెంచినవి కావు.

అసలు మార్పు 2015 తర్వాతిది. ఆ ఏడాది కేంద్రం ప్రకటించిన స్మార్ట్ సిటీల పథకంలో ఈ మూడు పట్టణాలకూ చోటు దొరకలేదు. లక్ష జనాభా దాటిన పట్టణాలకు ఉద్దేశించిన ‘అమృత్’లో ప్రొద్దుటూరు చేరింది. తాగునీరు, మురుగునీటి పనులకు నిధులిచ్చే ఆ పథకం కొన్ని సంస్కరణలు కూడా కోరింది. వాటిలో ఆన్‌లైన్ భవన అనుమతులు ఒకటి. రాష్ట్రంలో ఆ విధానం 2016లో అమలుకొచ్చింది. లైసెన్సు పొందిన ఇంజినీరు ప్లానును డ్రాయింగు ఫైలుగా ఎక్కిస్తే, సెట్‌బ్యాకులు, ఎత్తు, రోడ్డు వెడల్పు నిబంధనల ప్రకారం ఉన్నాయో లేదో సాఫ్ట్‌వేరే కొలుస్తుంది. ప్లాను అప్రూవల్ లేనిదే బ్యాంకు గృహరుణం ఇవ్వదు. రుణం రాకపోతే మేస్త్రీకి, సిమెంటు దుకాణానికి పని ఉండదు. పురపాలక సాంకేతికత స్థానిక ఆర్థికానికి సూటిగా ఉపయోగపడిన చోటు ఏదంటే ఇదేనని చెప్పాలి.

2020లో పురపాలక చట్టం మారింది. అప్పటిదాకా వార్షిక అద్దె విలువ మీద లెక్కగట్టిన ఆస్తిపన్నును 2021–22 నుంచి రిజిస్ట్రేషన్ శాఖ విలువల ఆధారంగా లెక్కించే మూలధన విలువకు ముడిపెట్టారు. ఏటా పెంపు 15 శాతం మించకూడదన్న పరిమితి ఉంది. అంటే 1998లో కంప్యూటరెక్కిన భూమి విలువలే రెండు దశాబ్దాల తర్వాత ఇంటి పన్ను బిల్లులోకి వచ్చాయన్నమాట. ఖజానాకు ఇది లాభమే. పాత ఇంట్లో మగ్గం పెట్టుకుని బతికే నేతగాడికి కూడా లాభమేనని చెప్పడం కష్టం.

ప్రభుత్వ సేవలను ఇంటి దగ్గరికి తెచ్చే వార్డు సచివాలయాలు 2019లో మొదలయ్యాయి. ఒక్కోటి దాదాపు 4,000 మంది జనాభాకు. మరుసటి ఏడాది జూన్‌లో వచ్చిన వీధి వ్యాపారుల రుణ పథకం పీఎం స్వనిధిలో తోపుడుబండి వాళ్లను గుర్తించే బాధ్యత పురపాలక సంస్థలదే. 2025 దాకా తొలి విడత రుణం 10,000 రూపాయలు; క్రమంగా తీరిస్తే 20,000, ఆపై 50,000 ఇచ్చేవారు. ఫోనులో డబ్బు తీసుకుంటే నెలకు 100 రూపాయల దాకా క్యాష్‌బ్యాక్ కూడా ఉండేది. వీధి వ్యాపారి చేతికి పురపాలక గుర్తింపు, బ్యాంకు ఖాతా, క్యూఆర్ కోడ్ కలిసి అందించిన పథకం ఇది.

పులివెందుల దారి వేరు. అక్కడ ఎదుగుదలకు ఇరుసు పురపాలక సంఘం కాదు, పులివెందుల ప్రాంత అభివృద్ధి సంస్థ (పాడా). 2006లో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల వచ్చింది. ఆదిత్య బిర్లా దుస్తుల పరిశ్రమకు 2021 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. రాజకీయ బలం రాష్ట్ర నిధులను తెచ్చిన ఊరు కాబట్టి, దీన్ని పట్టణ పాలన విజయంగా చూపడం సరికాదు.

2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లో ‘మన మిత్ర’ను 161 సేవలతో ప్రారంభించింది. పురపాలక సేవలు కూడా అందులో ఉన్నాయి. పావు శతాబ్దపు ఈ ప్రయాణంలో పన్ను కట్టడం తేలికైంది, అనుమతి దగ్గరైంది. ప్రొద్దుటూరు బంగారాన్ని, జమ్మలమడుగు చేనేతను దృష్టిలో పెట్టుకుని ఏ పురపాలక సంఘమైనా సొంతంగా తయారుచేయించుకున్న వ్యవస్థ మాత్రం ఈ చరిత్రలో కనిపించదు.