వరుసల అమరిక: హీట్‌మ్యాప్ పూర్వచరిత్ర

పట్టికలోని ప్రతి గడినీ అందులోని విలువను బట్టి ముదురు లేదా లేత రంగుతో నింపగా ఏర్పడే చిత్రమే హీట్‌మ్యాప్. మెషిన్ లెర్నింగ్ మోడళ్ల అంచనాలు పరస్పరం ఎంత దగ్గరగా ఉన్నాయో చూపడానికి నేడు విరివిగా వాడుతున్న ఈ చిత్రం కంప్యూటరు కంటే పాతది. తూసాన్ లువా 1873 నాటి పారిస్ జనాభా అట్లాసులో 40 పటాల సారాన్ని నగరంలోని 20 విభాగాలవారీ పట్టికగా కుదించి, తెలుపుతో మొదలై పసుపు, నీలం మీదుగా ఎరుపు దాకా రంగులు నింపాడు.

ఆ పట్టికలో ఉన్నవి జనాభా లక్షణాలే గాని సహసంబంధాలు కావు. రెండు కొలతలు కలిసి పెరిగి తగ్గే తీరును సహసంబంధం అంటారు. ఆ భావనను గాల్టన్ 1888లో ముందుకు తేగా, పియర్సన్ 1896లో దానికి –1, +1 మధ్య ఉండే గుణకంగా స్థిరమైన గణితరూపం ఇచ్చాడు. పోలండుకు చెందిన మానవశాస్త్రవేత్త యాన్ చెకనోవ్‌స్కి 1909లో నియాండర్తాల్ పుర్రెలను పోలుస్తూ, ప్రతి జత మధ్య ఉన్న తేడాను గడిలోని గుర్తుల చిక్కదనంతో సూచించి, పోలిక గలవి పక్కపక్కన వచ్చేలా అడ్డ, నిలువు వరుసలను తిరిగి పేర్చాడు. అంతవరకు చెల్లాచెదురుగా ఉన్న ముదురు గడులు అప్పుడు కర్ణరేఖ వెంట గుంపులుగా చేరాయి. ఈ చిత్రం చరిత్రలో అసలైన ఆవిష్కరణగా రంగును కాక ఈ అమరికనే చెప్పాలి. 1957లో స్నీత్ బాక్టీరియా వర్గీకరణకు ఈ మార్గాన్నే పట్టగా, 1973లో రాబర్ట్ లింగ్ ప్రింటరు చేత ఒకే చోట అక్షరం మీద అక్షరం కొట్టించి నలుపు ఛాయలు సాధించాడు.

మోడళ్ల విషయంలో ఈ చిత్రానికి మరింత బరువైన పని పడింది. అనేక మోడళ్ల సగటు తీసినప్పుడు, వాటి దోషాల మధ్య సహసంబంధం 0.9 ఉంటే, వంద మోడళ్లను కలిపినా దోషాల విస్తృతి (వేరియన్స్) పది శాతానికి మించి తగ్గదు, అది 0.5 అయితే దాదాపు సగానికి పడిపోతుంది. 2001లో లియో బ్రైమన్ ర్యాండమ్ ఫారెస్ట్ పద్ధతిలో నిర్ణయవృక్షాల మధ్య సహసంబంధాన్ని కావాలనే తగ్గించింది ఇందుకే. మంచి మోడళ్లన్నీ ఒకే సత్యాన్ని వెదుకుతాయి గనుక వాటి అంచనాలు ఎలాగూ కలుస్తాయి. అందుచేత పోల్చవలసినవి అంచనాలు కావు, దోషాలు.

పైథాన్‌లోని సీబార్న్ లైబ్రరీలో హీట్‌మ్యాప్ ఆదేశం ఇచ్చిన వరుసనే ఉంచుతుంది, క్లస్టర్‌మ్యాప్ మాత్రం పోలికను బట్టి వరుసలను తిరిగి అమరుస్తుంది. మోడళ్లను ఎంచుకునేవారు ఈ రెండోదాన్నే వాడాలి.