వెనుక దీపం

గత కార్తికమాసంలో ఒక సాయంకాలం గ్రంథాలయం నుండి ఇంటికి వస్తుండగా, వెనుక నుండి వచ్చిన ఒక కారు నా సైకిలు హాండిలును రాచుకొని పోయింది. నేను రోడ్డు పక్క కంకరలో పడ్డాను. కుడి మణికట్టు ఎముక చిట్లింది. కారు నడుపుతున్న యువకుడు కొంతదూరం పోయి ఆగి, అద్దం దించి, "ఏం పెద్దాయనా, వెనకాల లైటు లేకుండా రోడ్డెక్కితే మాకెలా కనపడతారు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

నిజమే, నా సైకిలుకు వెనుక దీపం లేదు. మడ్‌గార్డు మీద ఎర్ర బిళ్ళ ఒకటి ఉన్నది, అదీ దుమ్ము పట్టినది. చేతికి కట్టుతో కూర్చున్న ఆరువారాలూ ఆ అబ్బాయి ప్రశ్నే నన్ను వెంటాడింది. ముప్పైయేళ్ళకు పైగా తెలుగు పండితుడిగా పిల్లలను ప్రశ్నలడిగినవాడిని. నన్నడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఊరుకోవడం నాకు చేతకాదు. చూడవలసిన బాధ్యత వెనుక వచ్చేవాడిదా? కనబడవలసిన బాధ్యత ముందు పోయేవాడిదా? ఎడమచేత్తో పుటలు తిప్పుతూ చదివినకొద్దీ ఇది నా ఒక్కడి తగవు కాదనీ, సైకిలు పుట్టిన నాటి నుండీ నడుస్తున్నదేననీ తెలిసింది. మిత్రులతో పంచుకుందామని ఈ టపా.

వీధికి సంస్కృతంలో 'రథ్య' అని ఒక పేరున్నది. రథం పోయేది కనుక రథ్య. పేరులోనే నడిచేవాడికి చోటు లేదు, గమనించండి. దారి ఎవరికి విడవాలో మనుస్మృతి రెండవ అధ్యాయంలో ఒక వరుస చెప్పారు. బండిలో పోయేవాడు, తొంభై దాటిన వృద్ధుడు, రోగి, బరువు మోసేవాడు, స్త్రీ, స్నాతకుడు, రాజు, పెండ్లికొడుకు. ఆ వరుసలో మొదటివాడు 'చక్రి', అనగా చక్రాలు గలవాడు. ఎనిమిదవ అధ్యాయంలో బండి ప్రమాదాల ముచ్చట వస్తుంది. పశువు ముక్కుతాడు తెగినా, కాడి విరిగినా, ఇరుసు విరిగినా తోలేవాడికి దండన లేదు. 'తప్పుకో' అని కేక వేసినా దండన లేదు. తోలేవాడికి నేర్పు లేక బండి పక్కకు పోయి హాని జరిగితే మాత్రం యజమానికి 200 పణాల జరిమానా. ఆ గ్రంథంలో మనం ఒప్పుకోలేనివి ఎన్నో ఉన్నాయి. దానిని ప్రమాణంగా కాదు, సాక్ష్యంగా మాత్రమే చూపుతున్నాను. కేక వేస్తే బాధ్యత తీరిపోయిందనే భావం ఎంత పాతదో చూడండి! నేటి హారను ఆ కేకకు వారసురాలే.

ఇక సైకిలు సంగతి. అది బాగా వ్యాప్తిలోకి వచ్చిన తొలినాళ్ళలో ఇంగ్లండులో దానికి శత్రువు మోటారు కాదు, గుర్రబ్బండి. 1876లో సెయింట్ ఆల్బన్స్ కోచి తోలేవాడు ఒక సైకిలు మనిషిని కొరడాతో కొట్టాడు. అదే బండిలోని గార్డు తాడుకు కట్టిన ఇనుపగుండు విసిరి అతనిని సైకిలు మీద నుండి లాగిపడేశాడు. దారి తమ సొత్తని వారి నమ్మకం. 1878లో హారోగేటులో సైకిలు యాత్రికులు ఒక సంఘం పెట్టుకున్నారు. అదే తరువాత 'సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్' అయింది. 1879లో టేలర్ – గుడ్విన్ వ్యాజ్యంలో, సైకిలు కూడా ఒక 'బండి'యేననీ, దానిని ఉద్ధతంగా నడిపినవాడు శిక్షార్హుడేననీ న్యాయస్థానం తేల్చింది. వినడానికి ఇది సైకిలుకు ఓటమి. కాని బండికి ఉన్న బాధ్యత ఉన్నప్పుడు, బండికి ఉన్న హక్కూ ఉండాలి కదా. 1888 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం సైకిలును బండిగా స్పష్టంగా ఒప్పుకున్నది. దానితోపాటు ఒక షరతు పెట్టింది. మనిషినిగాని, గుర్రాన్నిగాని, బండినిగాని దాటేటప్పుడు గంటో ఈలో మోగించి తీరాలి. 1930 వరకు ఆ నియమం ఉన్నది.

ఈ గంట దగ్గర నేనొక తప్పు ఒప్పుకోవాలి. ఇంటరు చదివే రోజుల్లో ఒక ఉదయం సందు మలుపులో, నెత్తిన పెరుగు దుత్త పెట్టుకొని వస్తున్న ఒక ముసలమ్మను మా నాన్నగారి సైకిలుతో గుద్దాను. దుత్త పగిలింది. ఆమె మోచేయి కొట్టుకుపోయింది. నేను అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది: "బెల్లు కొట్టానుగా అవ్వా, వినపళ్ళేదా?" ఆమె నా వంక చూసి, "వినపడింది నాయనా. నెత్తిన బరువుంటే పక్కకు దూకగలనా?" అన్నది. మనుస్మృతి బరువు మోసేవారికి దారి విడవమన్నదని నేను భాషాప్రవీణ చదివేనాటికి గాని తెలుసుకోలేదు. ఆమె ఆ సంగతి శ్లోకం అక్కరలేకుండానే చెప్పింది.

మోటారు వచ్చాక తగవు పాత్రలు మారాయి. 1896లో న్యూయార్కు నగరంలో ఒక మోటారు బండి సైకిలు మీద పోతున్న మహిళను గుద్ది కాలు విరగగొట్టింది. అమెరికాలో నమోదైన తొలి మోటారు ప్రమాదాలలో అదొకటి. ఇంగ్లండులో వెనుక దీపపు వాదం ఆపై దశాబ్దాలలో ముదిరింది. సైకిళ్ళకు ఎర్రదీపం తప్పనిసరి చేయాలని మోటారు వర్గం పట్టుబట్టింది. సైకిలు సంఘం గట్టిగా ఎదిరించింది. దీపం ఖర్చు మాత్రమే కాదు వారి బాధ. తన దీపపు వెలుగులో తనకు కనబడినంత దూరంలో ఆగగలిగే వేగంతో పోవడం నడిపేవాడి ధర్మమనీ, వెనుక దీపాన్ని విధిగా చేస్తే ఆ ధర్మం అతని భుజం మీద నుండి దిగి ముందువాడి భుజమెక్కుతుందనీ వారి వాదం. 1927 చట్టం వెనుక దీపంగాని, వెలుగును తిప్పికొట్టే ఎర్ర బిళ్ళగాని ఉంటే చాలునన్నది. రెండవ ప్రపంచయుద్ధపు చీకటి నియమాలలో దీపమే తప్పనిసరి అయింది. 1945లో చట్టం దానిని స్థిరం చేసింది.

ఈ మధ్యలో 1934 ఉన్నది. ఆ ఒక్క సంవత్సరం బ్రిటనులో రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. ఆ డిసెంబరులో లండను పశ్చిమాన వెస్టరన్ అవెన్యూ పక్కన రెండున్నర మైళ్ళ సైకిలు బాటను రవాణా మంత్రి హోర్ బెలిషా ప్రారంభించారు. సైకిలు సంఘం దానినీ వ్యతిరేకించింది. పక్కబాట ఇచ్చి రహదారి నుండి తమను వెళ్ళగొడతారని వారి భయం. వారి వాదంలో తర్కం ఉన్నది, ఆత్మగౌరవం ఉన్నది. కాని తర్కం కారును ఆపదు. ఈ సంగతి నా మణికట్టుకు తెలుసు.

ఇందుకు వేరొక జవాబు డచ్చివారు వెతికారు. 1971లో నెదర్లాండ్స్‌లో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 3,300కు దగ్గర. అందులో 400 మందికి పైగా పిల్లలు. కూతురిని ఆ విధంగా పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హాఫ్ అనే పాత్రికేయుడు 1972లో పత్రికలో రాసిన వ్యాసం పేరుతోనే ఉద్యమం లేచింది. 'పిల్లల హత్యలు ఆపండి' అన్నది ఆ పేరుకు అర్థం. తల్లిదండ్రులు వీధులకు అడ్డంగా కూర్చున్నారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి, కార్లు లేని ఆదివారాలు ప్రకటించినప్పుడు ఊళ్ళు ఎంత ప్రశాంతంగా ఉండగలవో జనం కళ్ళారా చూశారు. 1975లో సైకిలు సంఘం ఏర్పడింది. ఆ దశకంలోనే హేగ్‌, టిల్బర్గ్ నగరాలలో సైకిలు బాటలు వేసి చూశారు. పిమ్మట దేశమంతా అల్లారు. అంతకంటె నన్ను ఆకర్షించినది వారి పరిహార న్యాయం. మోటారు బండి సైకిలునుగాని, నడిచేవాడినిగాని గుద్దితే నష్టపరిహారపు భారం మొదట మోటారువాడిదే. బాధితుడు పద్నాలుగేళ్ళలోపు పిల్లవాడైతే, కావాలని చేసినది కానంతవరకు, పూర్తి నష్టం చెల్లించాలి. పెద్దవాడు తానూ పొరపాటు చేసినా సాధారణంగా సగానికి తగ్గదు. ఎవరి బండి ఎక్కువ బరువో వారి బాధ్యత ఎక్కువ బరువు.

మన దేశంలో మోటారు చట్టం మొదట 1914లో, తరువాత 1939లో, ఇప్పటి రూపంలో 1988లో వచ్చింది. ప్రమాదంలో గాయపడినవారికి వైద్యం అందేటట్లు చూడడం నడిపేవాడి విధి అని అందులో 134వ సెక్షను చెబుతున్నది. నాకు జవాబు చెప్పనివ్వకుండా వెళ్ళిన అబ్బాయి ఆ సెక్షను విన్నాడో లేదో! కలకత్తాలో 2008 నుండి పోలీసు ఆజ్ఞలతో ఎన్నో ప్రధాన వీధులలో సైకిళ్ళను నిషేధించారు. పాలవాడూ, పేపరు కుర్రాడూ చుట్టుదారిన పోవలసివచ్చింది. హైదరాబాదులో 2023లో బాహ్యవలయ రహదారి పక్కన సౌరఫలకాల నీడతో 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరిచారు. సంతోషమే. అయితే సైకిలే బతుకుతెరువైనవాడు తొక్కవలసిన దారి అక్కడ కాదు, మార్కెట్టు వీధిలో ఉన్నది.

ఇక నా సంగతి. కట్టు విప్పిన రోజున మా అబ్బాయి "ఇక సైకిలు ఎవరికైనా ఇచ్చేద్దాం నాన్నా" అన్నాడు. వాడి భయం వాడిది. నేను సైకిలు ఇవ్వలేదు. ఎదురింటి కుర్రవాడిని వెంటబెట్టుకొని వెళ్ళి, వెనుక మినుకుమినుకుమనే ఎర్రదీపం ఒకటి కొని బిగించుకున్నాను. ఆ దీపం తప్పు ఒప్పుకోలు కాదు. బతకాలనే కోరిక, అంతే. మలుపుల దగ్గర నడిచేవారు కనిపిస్తే గంట కొట్టడం మానేశాను. దిగి, నడిపించుకొని పోతున్నాను. నెత్తిన బరువుతో ఎవరైనా ఎదురైతే ఆగి దారి ఇస్తున్నాను.

ఆ అబ్బాయి మళ్ళీ ఎదురైతే చెప్పాలనుకున్న జవాబు ఒకటున్నది. "నాయనా, నా దీపం నేను పెట్టుకున్నాను. నీ బండికి ముందు రెండు దీపాలున్నాయి. అవి దేనికో కాస్త ఆలోచించు."