బైక్ ఫ్యూయల్ పంపు పనిచేయడం లేదా? కొత్తది కొనేముందు కరెంటు అందుతోందో చూడండి

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు అమలులోకి వచ్చాక తయారైన బైకుల్లో చాలావాటికి కార్బురేటర్ ఉండదు. ట్యాంకులో ఉండే చిన్న ఎలక్ట్రిక్ పంపు పెట్రోలును ఒత్తిడితో ఇంజెక్టర్‌కు పంపుతుంది. దానికి కరెంటు అందకపోతే ట్యాంకు నిండా పెట్రోలున్నా బండి స్టార్ట్ కాదు. తెల్లవారుజామున పాల క్యాన్లు కట్టుకున్నాక ఇలా జరిగితే ఆ పూట పాలు కేంద్రానికి చేరవు. పంపు ఖరీదైన భాగం. చాలాసార్లు లోపం పంపులో కాకుండా, దానికి కరెంటు తెచ్చే దారిలో ఉంటుంది.

తాళం ఆన్ చేయగానే ట్యాంకు దగ్గర రెండు మూడు సెకన్లు 'జుయ్' మని శబ్దం వచ్చి ఆగాలి. ఆగిపోవడం లోపం కాదు, ఇంజిన్ తిరిగితేనే పంపు మళ్లీ నడుస్తుంది. శబ్దమే రాకపోతే ముందు హ్యాండిల్ మీది ఇంజిన్ ఆఫ్ స్విచ్ చూడండి. బండి పడిపోయి ఉంటే దాన్ని నిలబెట్టి, తాళం ఒకసారి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. కొన్ని బండ్లలో పక్కకు ఒరిగినప్పుడు సెన్సర్ ఇంజిన్‌ను ఆపేస్తుంది.

తర్వాత బ్యాటరీ. నిండుగా ఉంటే మల్టీమీటర్‌లో 12.6 వోల్టుల దాకా చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 కంటే బాగా దిగిపోతే బ్యాటరీ బలహీనమైందని అర్థం. పాత బండిలా కిక్ కొడితే సరిపోతుందనుకోకండి, బ్యాటరీ పూర్తిగా దిగిపోతే చాలా బైకులు కిక్‌కు కూడా లేవవు. టెర్మినళ్లు వదులుగా ఉన్నా, తెల్లగా పొక్కినా శుభ్రం చేసి బిగించండి.

ఫ్యూజు పోతే అంతే ఆంపియర్లది వేయండి. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం మన ఊళ్లలో మామూలే గానీ, పెట్రోలు ట్యాంకు కింద వైర్లు కాలే ప్రమాదం అందులోనే ఉంది. కొత్త ఫ్యూజు వెంటనే పోతే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. గడ్డివాము పక్కన, పశువుల కొట్టంలో నిలిపే బండి అయితే ఎలుకలు కొరికిన చోటు వెతకండి. బండికి రిలే ఉంటే, అదే రకం మరో రిలే పెట్టి చూడండి.

అసలు పరీక్ష పంపు కప్లర్ దగ్గర జరగాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. కప్లర్ ఊడదీసి చూస్తే తుప్పు పట్టిన వైరు కూడా 12 వోల్టులు చూపగలదు, పంపు లాగేటప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. అందుకే కప్లర్ తగిలించి ఉంచి, వెనుక నుంచి మీటర్ సూది ఆనించండి. కరెంటు రెండు మూడు సెకన్లే ఉంటుంది కాబట్టి తాళం తిప్పడానికి మరొకరు ఉండాలి. పంపు ఎర్త్ వైరుకు, బ్యాటరీ మైనస్‌కు మధ్య అర వోల్టు కంటే ఎక్కువ చూపితే ఎర్త్ సరిగా లేదు. యూరియా, డీఏపీ బస్తాలు మోసే బండ్లలో ఎర్త్ బోల్టు తొందరగా తుప్పు పడుతుంది, గీకి బిగించండి. అదే కప్లర్‌లో పెట్రోలు గేజీ వైర్లూ ఉంటాయి, వాటికి బల్బు టెస్టర్ పెట్టకండి.

కప్లర్ దాకా పూర్తి వోల్టేజీ వస్తూ, ఎర్త్ బాగుండి, అయినా శబ్దం లేకపోతే అప్పుడు పంపు పోయినట్టే. దాన్ని విప్పే పని మెకానిక్‌కే వదలండి, పైపులో పెట్రోలు ఒత్తిడితో ఉంటుంది. పెట్రోలు వాసన వస్తుంటే తాళం ఆన్ చేయొద్దు, బీడీ వెలిగించొద్దు. వారంటీ ఉన్న బండి అయితే వైర్లు కోయకుండా షోరూమ్‌కే తీసుకెళ్లండి.