రైలు చార్టు, అంతరిక్షం చార్టు

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడుతూ, తర్వాత కూడబలుక్కుని నేర్చుకున్నది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మొన్న వెంకటమ్మనహళ్లిలో బంధువుల ఇంటికి పోయినప్పుడు డిగ్రీ పిల్లోడు ఒకడు అడిగినాడు: "తాతా, అంతరిక్ష నౌకల టైంటేబుల్ కూడా ఏఐనే వేస్తుందంట. ఇంక లెక్కలు చదివి ఏం లాభం?" చదువు మానేసే ఆలోచనలో ఉన్నాడు. అప్పుడు మాకు సరైన జవాబు తోచలేదు. అందుకే ఈ చరిత్ర రాస్తున్నాం.

రైల్వేలో గుమాస్తాగా ఉన్నప్పుడు కంట్రోల్ చార్టులు చూసేవాళ్లం. ఒకపక్క స్టేషన్లు, ఒకపక్క గంటలు, ఒక్కో బండికి ఒక్కో గీత. సింగిల్ లైన్లో రెండు గీతలు స్టేషన్లోనే కలవాలి. ఒక బండి ఆలస్యమైతే మిగతావన్నీ మళ్లీ గీయాలి.

అంతరిక్షంలోనూ ఇదే చిక్కు. భూమి వైపు తిరిగి మాట్లాడాలి, నక్షత్రం వైపు తిరిగి ఫోటో తీయాలి. కరెంటు మాత్రం కొంచెమే. 1990లో ఎగిరిన హబుల్ టెలిస్కోపుకు ఈ వరుసలు కూర్చడానికి స్పైక్ అనే ప్రోగ్రాం తయారుచేశారు. అది నేల మీదే పనిచేసేది.

నౌకలోనే కూర్చుని ప్రణాళిక వేసిన మొదటిది నాసా వారి రిమోట్ ఏజెంట్. 1998 అక్టోబరులో బయల్దేరిన డీప్ స్పేస్ 1 నౌకను 1999 మే 17న దాని చేతికిచ్చారు. మరునాడు అది ఇంజన్ ఆపవలసిన వేళకు ఆపలేదు. ప్రోగ్రాంలో రెండు భాగాలు ఒకదాని కోసం ఒకటి కాచుకుని నిలిచిపోయాయి. రెండు స్టేషన్లు ఒకరి జవాబు కోసం ఒకరు కూర్చుంటే బండ్లు కదలనట్టే. ఇంజనీర్లు కారణం పట్టుకుని, 21న మిగిలిన పరీక్ష పూర్తి చేయించారు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. అలాంటి తప్పునే 1997లో అదే ప్రోగ్రాంలోని ఇంకో భాగంలో గణిత పద్ధతితో ముందే కనిపెట్టారు. ఈ భాగానికి ఆ పరీక్ష చేయలేదు.

2004లో మార్స్ మీద దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లకు మరో దారి పట్టారు. మ్యాప్‌జెన్ అనే ప్రోగ్రాం రోజు ప్రణాళిక కూర్చేది, మనుషులు చూసి మార్చేవాళ్లు.

మన శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న ఎగిరిన మంగళయాన్ అయితే తానే ప్రణాళిక వేయలేదు. అప్పుడు అక్కడినుంచి కబురు రావడానికే సుమారు పన్నెండు నిమిషాలు పట్టేది కాబట్టి, మనవాళ్లు ఆజ్ఞలన్నీ రోజుల ముందే ఎక్కించి పెట్టారు. 2014 సెప్టెంబరు 24న వాటి ప్రకారం అది మార్స్ కక్ష్యలో చేరింది.

కాబట్టి నాయనా, చార్టు యంత్రం గీయవచ్చు. ఏ గీతలు ఎక్కడ కలవకూడదో దానికి చెప్పాల్సింది, దాని తప్పును ముందే పట్టాల్సింది లెక్కలు వచ్చిన మనిషే. చదువు మానొద్దు. సంఘంలో పిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ మాట చేర్చండి.