మండలకాలపు మఠవాసులు

వేకువజామున యాదగిరిగుట్ట నెక్కినవారికి గోపురము స్పష్టముగా కనుపించుటకు ముందే అడుగుల చప్పుడు వినవచ్చును. స్నానము చేసి, తడిబట్టలు ఆరకమునుపే ప్రదక్షిణము మొదలుపెట్టినవారి పాదధ్వని యది. వారిలో కొందరు ఉదయము వచ్చి సాయంకాలమునకు తిరిగి పోవువారు. మరికొందరు 11 దినములు, ఇంకను కొందరు ఒక మండలము, అనగా 40 దినములు, కొండను విడువక యుండువారు. దేహమునకో మనస్సునకో కలిగిన బాధను స్వామికి చెప్పుకొనుటకు వీరు వచ్చిరి. ఇచటి లక్ష్మీనరసింహుని వైద్య నరసింహుడని కూడ పిలుతురు. స్వామి స్వప్నమున కనుపించి చికిత్స చేయునని భక్తుల విశ్వాసము.

ఈ దృశ్యము చూచినపుడెల్ల మాకొక ప్రశ్న కలుగుచుండును. కష్టము వచ్చినపుడు మనుష్యునకు ఇంటిలోనే ఆదరణ లభింపవలెను గదా. అట్లుండగా ఇల్లు విడిచి, సంసారమును విడిచినవారి చోటు వెదకికొనుచు ఏల పోవును? ఈ ప్రశ్నకు సమాధానము గుట్టమీదనే కాక, దాని చుట్టుప్రక్కల నేలలో కూడ కొంత దొరకును. నల్లగొండ సీమ కొండలు రెండువేల యేండ్లుగా సన్న్యాసులకు నివాసములు.

గుట్ట కథయే ఒక తాపసునితో ఆరంభమగుచున్నది. ఋష్యశృంగుని కుమారుడైన యాదర్షి ఈ గుహలో తపస్సు చేసెననియు, ఆయనకు స్వామి జ్వాలా నరసింహుడుగా, గండభేరుండ నరసింహుడుగా, యోగానందుడుగా, ఉగ్ర నరసింహుడుగా, తుదకు శాంతించిన లక్ష్మీనరసింహుడుగా దర్శనమిచ్చెననియు స్థలపురాణము చెప్పుచున్నది. ఆ ఋషి పేరనే ఇది యాదగిరి అయినది. నేడిది పాంచరాత్రాగమము ననుసరించి అర్చన జరుగు దేవాలయము. నల్లరాతితో పునర్నిర్మింపబడిన ఆలయము 2022 మార్చి 28న భక్తులకు తెరువబడినది. అర్చకులు గృహస్థులు. అయినను మండలదీక్ష పూనినవాని దినచర్యను గమనింపుడు. నేలపై పడక, మితాహారము, బ్రహ్మచర్యము, వేకువ స్నానము, లెక్క తప్పని ప్రదక్షిణములు. ఇవి మఠవాసి నియమములే. సన్న్యాసిని చూడవచ్చిన గృహస్థుడు ఇచట తానే కొన్నాళ్లు సన్న్యాసి యగుచున్నాడు.

ఇట్టి ఏర్పాటు ఈ నేలకు కొత్తది కాదు. గుట్టకు తూర్పుగా, నేటి సూర్యాపేట జిల్లాలో, పాము పడగవలె లేచిన ఒక కొండ గలదు. దానికి ఫణిగిరి యని పేరు. నిజాము ప్రభుత్వకాలమున 1940 ప్రాంతములలో అచట త్రవ్వకములు జరిగెను. 2001 తరువాత మరల త్రవ్వగా మహాస్తూపము, చైత్యగృహములు, భిక్షువుల విహారములు, బుద్ధచరిత్రను చెక్కిన తోరణపు దూలములు బయటపడినవి. ఇక్ష్వాకు రాజైన రుద్రపురుషదత్తుని 18వ రాజ్యసంవత్సరమున అచట ఒక ధర్మచక్ర స్తంభము నెత్తినట్లు శాసనము గలదు. దానిని ప్రతిష్ఠించినవాడు సేనాపతియు కాడు, వర్తకుడును కాడు, ప్రధాన వైద్యుడు. దేహమునకు మందిచ్చు మనుష్యుడు భిక్షువుల కొండమీద ధర్మచక్రమును నిలిపెననుట గుర్తుంచుకొనదగిన విషయము. ఆ వైద్యునకు తన విద్యయు భిక్షువుల విద్యయు పరస్పర శత్రువులుగా తోచలేదు.

బౌద్ధులలో ఉపోసథమను ఆచార మున్నది. పౌర్ణమి, అమావాస్య మొదలగు దినములలో గృహస్థులు విహారమునకు పోయి, ఎనిమిది శీలములు పూని, మధ్యాహ్నము దాటిన పిదప భోజనము మాని, ఆ దినమంతయు భిక్షువులవలె గడపుదురు. మరునాడు తిరిగి తమ నాగలి యొద్దకో, అంగడి యొద్దకో పోవుదురు. రోగియైన భిక్షువునకు తోడి భిక్షువులు పరిచర్య చేయవలెనని వినయనియమములు విధించుచున్నవి. కృష్ణాతీరమున, ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురిలో, అనగా నాగార్జునకొండలోయలో, ‘విగత జ్వరాలయ’ మను మాట గల ఒక చిన్న శాసనము దొరకినది. జ్వరపీడితులు కోలుకొను స్థలమని పండితులు దానికి అర్థము చెప్పిరి. 1954 మొదలు 1960 వరకు విస్తారముగా త్రవ్వి చూచిన ఆ లోయ నేడు నాగార్జునసాగర జలములలో మునిగియున్నది.

మరల గుట్ట దాపునకు వత్తము. ఆలేరు సమీపముననున్న కొలనుపాక ఒకప్పుడు కల్యాణి చాళుక్యుల రాజ్యమున పెద్ద పట్టణము. తాను జయించిన స్థలములలో దీనిని కూడ రాజేంద్రచోళుడు తన ప్రశస్తియందు చేర్చుకొనెను. ఇచటి జైనాలయమున ఆదినాథుని మాణిక్యదేవుడని కొలుతురు. దూరదేశములనుండి వచ్చు జైనయాత్రికులు ఇప్పటికిని ధర్మశాలలో దిగి, సూర్యాస్తమయమునకు పూర్వమే భుజించి, మౌనముగా ధ్యానమున కూర్చుందురు. జైనులలోను పౌషధమను వ్రతము గలదు. గృహస్థుడు పర్వదినమున వ్యాపారమును, అలంకారమును, ఆహారమును విడిచి ఒక అహోరాత్రము మునివలె నుండుటయే ఆ వ్రతము. ఉపోసథము, పౌషధము అను రెండు మాటలకు మూల మొక్కటే. ఈ రెంటినుండియే గుట్టమీది మండలదీక్ష పుట్టినదని చెప్పుటకు మేము సాహసింపము. కాని బాధలో నున్న గృహస్థునకు కొంతకాలము మునిజీవితము నెరవిచ్చు పద్ధతి మూడింటను ఒక్కటియే.

కొలనుపాకలోనే సోమేశ్వరాలయము గలదు. వీరశైవుల పంచాచార్యులలో ఒకరైన రేణుకాచార్యులు ఆ లింగమునుండియే ఆవిర్భవించిరని వారి నమ్మకము. ఆలయము చుట్టును వేర్వేరు కులములవారి మఠములు వెలసినవి. ఊరినుండి వచ్చినవానికి తనవారి మఠమున తలదాచుకొన చోటుండెడిది. ఆ మఠములకు గల విలువ ఇది.

మఠము మాటలతోనే ఓదార్చి పంపెడిదా? కాకతి రుద్రమదేవి కాలమున, 1261లో, కృష్ణాతీరమున వేయబడిన మల్కాపుర శాసనము దీనికి సమాధానము చెప్పుచున్నది. గణపతిదేవుని గురువైన విశ్వేశ్వరశంభువు గోళకీమఠమునకు చెందిన శైవాచార్యుడు. ఆయన తనకు లభించిన గ్రామముల ఆదాయముతో ఆలయమును, మఠమును, విద్యార్థులను పోషించుటయే కాక, ఒక ప్రసూతిశాలను, ఒక ఆరోగ్యశాలను కూడ నెలకొల్పెను. సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవ్వరు వచ్చినను అన్నము పెట్టవలెనని శాసించెను. ఆ మఠద్వారమున ప్రవేశించిన గర్భిణికి మంత్రసానియు, రోగికి వైద్యుడును, ఆకలిగొన్నవానికి అన్నమును ఉండెను. ఆత్మకు శాంతి ఆ పిమ్మట.

ఈ చరిత్రయంతయు మనస్సులో మెదలుచుండగా మేమొక వేకువ ధ్వనిముద్రణ యంత్రముతో గుట్టపై నుంటిమి. ప్రదక్షిణము చేయుచున్నవారిలో ఒక వృద్ధురాలు కనుపించెను. ఆమె నడుము వంగి భూమికి సమాంతరమైయున్నది. చేతిలో కర్ర. మర్రిగూడెము వైపు పల్లె ఆమెది. ఆ ప్రాంతపు నీటిలోని ఫ్లోరైడు ఎముకలను వంచుననియు, ఒకసారి వంగిన వెన్నెముక మరల నిటారు కాదనియు మన మెరుగుదుము. స్వామి నయము చేయునని వచ్చితివా తల్లీ, అని అడిగితిమి.

“నడుము సక్కగ కాదని డాక్టరు చెప్పిండయ్యా, నాకెరుకే” అని ఆమె కర్రపై ఆనుకొని నిలిచి చెప్పెను. “ఇంట్ల కూసుంటె నా దుఃఖమే నాకు కొండంత కనవడ్తది. ఈడ ఒక్కొక్కలది ఇంటుంటె నాది చిన్నగయితది. నలభై దినాలు నన్నెవ్వలు ముసల్దానివి, కూసో అనరు. అందరితోని నడుస్త.”

మేము మరేమియు అడుగలేదు. ఆమె మాటలో స్పష్టమైన విభజన మున్నది. వెన్నెముక సంగతి వైద్యుడు చెప్పెను; ఆమె ఒప్పుకొన్నది. ఆమె గుట్టమీద వెదకినది తోడు, నియమము, అందరితో కలిసి అడుగువేయు గౌరవము. అవి ఆమెకు లభించినవి.

ఈ విభజనను మరచినచో రెండు వైపులను ప్రమాదమే. మందు మాని ప్రదక్షిణమునే నమ్ముకొన్నవాడు ప్రాణమునకే ముప్పు తెచ్చుకొనవచ్చును. ఫ్లోరైడు పీడకు పరిష్కారము పరిశోధనవలననే వచ్చినది. పటికతోను సున్నముతోను నీటిని శుద్ధిచేయు విధానమును నాగపురములోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ రూపొందించినది. దానికి నల్లగొండ పద్ధతి యనియే పేరు. అనంతరము కృష్ణాజలములు గొట్టముల ద్వారా ఆ పల్లెలకు వచ్చినవి. బిడ్డల ఎముకలను కాపాడునది మంచినీరు. కాని అప్పటికే వంగిన నడుముతో శేషజీవితమును గడపవలసినవారికి నీరొక్కటే చాలదు. వారికి ఒక చోటు కావలెను. ఫణిగిరిపై స్తంభము నెత్తిన వైద్యుడును, మఠము ప్రక్కనే ఆరోగ్యశాలను కట్టించిన ఆచార్యుడును ఈ రెండు అవసరములను గుర్తించినవారే. రెంటిలో దేనిని త్రోసివేసినను మన పూర్వులకంటె మనము వెనుకబడినవారమే యగుదుము.

తిరిగి వచ్చిన పిదప ఆనాటి ధ్వనిముద్రణమును స్టూడియోలో వింటిమి. వందలకొలది అడుగులు. వానిలో ఏవి రోగివో, ఏవి ఆరోగ్యవంతునివో చెప్పుట మాకు సాధ్యము కాలేదు. నడుమ నడుమ ఒక చేతికర్ర రాతిపై పడు చప్పుడు మాత్రము వేరుగా తెలియుచుండెను. తక్కిన అడుగులతోపాటు అదియు చుట్టి చుట్టి వచ్చుచునే యుండెను.